నెరసిన తలకు పొట్టి క్రాపు



పుంగనూరు దగ్గర ఒక గ్రామం నుండి ఒక సహోదరి మాకు ఉత్తరం వ్రాసింది. పేరు వేయవద్దని కోరింది గనుక వేయడం లేదు. ఆమె తండ్రిగారికి 72 ఏండ్లు. బడిపంతులుగా పనిచేసి రిటైరైనారు. 15 ఏండ్లుగా తలకు నల్లరంగు వేసుకొనే అలవాటు. పోయిన సంవత్సరం నుండి రంగు వేసిన మరునాడే నెత్తి దురద, చెవుల వెనుక పొక్కులు. ఒకసారి కండ్లు మూసుకుపోయేంతగా ముఖం వాచింది. డాక్టరుగారు ఇక రంగు ముట్టవద్దని గట్టిగా చెప్పినారట. ఆయన ముట్టలేదు. రెండు నెలలు తిరిగేసరికి మొదళ్ళు తెల్లగా, చివరలు నల్లగా, ఆ సహోదరి మాటల్లోనే చెప్పాలంటే, "బూడిద గుమ్మడికాయ మీద మసి పూసినట్టు" తయారైంది.

ఇది చదివి మేము నవ్వుకొన్నాము. ఆ తరువాతి వాక్యం చదివినాక నవ్వు ఆగిపోయింది. ఆయన మందిరానికి రావడం మానుకొన్నారు. రాక తప్పని రోజున తలకు తువ్వాలు చుట్టుకొని వెనుక తలుపు దగ్గర కూర్చొని, ఆశీర్వాదం కాకముందే లేచి వెళ్ళిపోతున్నారు. "గుండు కొట్టించుకుంటా, పీడ విరగడైపోతుంది" అని ఆయన పట్టు. తల్లిగారు ఏడుస్తున్నారు. "మన పక్కల గుండంటే రెండే అర్థాలు. ఇంట్లో ఎవరన్నా పోయినారనో, కొండకు పొయ్యొచ్చినారనో. రేపు మందిరంలో నలుగురూ అడిగితే నేనేం చెప్పేది?" అని ఆమె బాధ. మధ్యలో కుమార్తె మమ్మల్ని సలహా అడుగుతున్నది.

ఈ బాధ మరో జిల్లావారికి అర్థం కాకపోవచ్చును. తిరుపతి బస్టాండులో ఒక గంట కూర్చొన్నవారికి వెంటనే అర్థమవుతుంది. గంధం పూసిన గుండ్లు ఎన్ని వందలు కనబడతాయో లెక్క లేదు. ఎవరి మొక్కు వారిది, దానిని గురించి మేము మాట్లాడబోవడం లేదు. అయితే ఈ ఊరిలో గుండుకు ఉన్న అర్థం అంత బలమైనది. మాకు తెలిసిన ఒక పెద్దాయన క్యాన్సరు మందులకు జుట్టంతా రాలిపోయి ఆసుపత్రి నుండి బస్సులో ఇంటికి వస్తుంటే, కండక్టరు టికెట్టు కొడుతూ ప్రేమగానే అడిగినాడట, "దర్శనం బాగా అయిందా సామీ?" అని. ఆయన "బాగానే అయింది నాయనా" అని ఊరుకొన్నాడు. వివరించే ఓపిక ఎక్కడిది?

కాబట్టి పంతులుగారికి మా సలహా ఇది. రంగూ వద్దు, గుండూ వద్దు. ధైర్యం చేసి బాగా పొట్టిగా క్రాపు కొట్టించుకోండి. ఇది ఆ రెంటికీ మధ్య రాజీ అనుకోవద్దు. నెరిసిన తలకు, అందులోనూ పలచబడిన తలకు, ఇంతకంటే ఒప్పేది లేదని మా నమ్మకం.

ముందుగా ఒక లెక్క చెబుతాము. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. రెండు నెలలంటే రెండు సెంటీమీటర్లు, అనగా 20 మిల్లీమీటర్లు. అంత మేరా ఆయనది తెల్లజుట్టే. సెలూనులో కరెంటు మిషనుకు తగిలించే ప్లాస్టిక్ దువ్వెనలకు నంబర్లుంటాయి. 1వ నంబరు పెడితే సుమారు 3 మిల్లీమీటర్ల జుట్టు మిగులుతుంది. 2కు 6, 3కు 10, 4కు 13. దువ్వెన లేకుండా ఉత్త మిషను ఆడిస్తే దానినే జీరో అంటారు. పంతులుగారు 4వ నంబరు పెట్టించుకొన్నా చాలును, ఉన్న నలుపంతా ఆ ఒక్క పూటలోనే కింద పడిపోతుంది. ఇంకా నెలల తరబడి తువ్వాలు చుట్టుకోవలసిన పని లేదు. రంగు మానాలనుకొంటూ నడుమ వచ్చే ఆ వికారానికి జడిసి మానలేకపోతున్న పెద్దలు మన సంఘాలలో చాలామంది ఉన్నారు. వారందరికీ ఇదే దారి.

పొట్టి జుట్టు ముసలితనానికి ఎందుకు ఒప్పుతుందో కూడా చెప్పాలి. మన ముఖాలు చామనచాయ, నలుపు. తెల్లవెంట్రుకలు పలచబడి పొడుగ్గా ఉంటే వాటి సందుల్లో నుండి నెత్తి చర్మం నల్లగా కనబడుతుంది. బట్టతల ఉన్నదానికంటే ఎక్కువగా తోస్తుంది. అదే జుట్టును దగ్గరగా కత్తిరిస్తే తలంతా ఒకే తీరుగా వెండిపొడి చల్లినట్టుంటుంది. పైగా నెరిసిన వెంట్రుక తరచుగా పొడిబారి, గరుకుగా, చెప్పినట్టు వినకుండా లేచి నిలబడుతుంది. పొడుగ్గా ఉంచితే నూనె పెట్టి అణచవలసి వస్తుంది. పొట్టిగా ఉంటే లేచి నిలబడడమే దానికి అందం.

ఒక చెవి పైనుండి నాలుగు వెంట్రుకలు పెంచి, నడినెత్తి మీదుగా రెండో చెవి దాకా దువ్వి అతికించే అలవాటును దయచేసి మానండి. గాలి వీచినప్పుడు ఆ నాలుగు వెంట్రుకలూ జెండాలాగ లేస్తాయి. ఇది నేటి బలహీనత కాదు. రోమా చక్రవర్తుల చరిత్ర వ్రాసిన సూటోనియస్, జూలియస్ సీజరు తన బట్టతలకు సిగ్గుపడి వెనుక జుట్టును ముందుకు దువ్వుకొనేవాడని వ్రాసినాడు. ముందుకు దువ్వే పొట్టి క్రాపుకు నేటికీ సీజరు పేరే పెట్టి పిలుస్తున్నారు. అంతటివానికే దాగలేదు.

ఇక కత్తిరింపు సంగతి. మొదటిసారి వెళ్ళినప్పుడు తలంతా 4తో మొదలుపెట్టమనండి. అద్దంలో చూసుకొని, ధైర్యం వస్తే పక్కలు 3, తరువాత 2. కోసినది అతకదు గనుక పెద్ద నంబరు నుండి చిన్న నంబరుకు రావాలి గాని అటునుండి ఇటు కాదు. గుండ్రని ముఖం, నిండు చెంపలు ఉన్నవారికి పక్కలు 2, పైన 4 బాగుంటుంది. ముఖం కాస్త నిలువుగా తేలుతుంది. పొడుగు ముఖం, లోతు చెంపలు ఉన్నవారు పక్కలు మరీ తగ్గించరాదు. పైనా పక్కలా 3 ఒకటే సరిపోతుంది. నడినెత్తి ఖాళీ అయినవారు చుట్టూ ఉన్నదానిని 1కి తేవాలి. అప్పుడు ఉన్నచోటికీ లేనిచోటికీ తేడా తగ్గిపోతుంది. నెత్తి సుడి దగ్గర వెంట్రుక ఎటు తిరిగితే అటు వదిలివేయమనండి. మెడ వెనుక గీత గీసినట్టు కోయించవద్దు, అది నాలుగు రోజుల్లోనే మాసిన గడ్డంలాగ కనబడుతుంది. కిందికి వచ్చేకొద్దీ సన్నగిల్లేటట్టు తీయమంటే పనితెలిసిన వానికి అర్థమవుతుంది. చెవి ముందరి జుట్టు చెవి సగానికి ఆగితే చాలు. చెవుల్లోని వెంట్రుకలు కత్తెరతో తీయించండి, పీకించవద్దు. ఇవన్నీ అయినాక పక్షానికి కాకపోయినా మూడు వారాలకొకసారి తప్పక వెళ్ళాలి. పొట్టి క్రాపుకు ఉన్న ఖర్చు అదొక్కటే.

మీసం విషయం వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఇది సీమ. మీసం తీయమని మేము ఎవరికీ చెప్పము, చెప్పినా వినరు. తల తెల్లగా పొట్టిగా ఉన్నప్పుడు నిండైన తెల్లమీసం ఎంతో గంభీరంగా ఉంటుంది. పెదవి మీద పడేంతవరకు తీసివేస్తే చాలును. తలకు రంగు మాని మీసానికి మాత్రం వేసుకొనేవారున్నారు. వారి ముఖం చూసినప్పుడు మాకు మాట్లాడవలసిన సంగతి మరచిపోయి మీసమే కనబడుతుంది. గడ్డం ఉంచుకొంటే తలజుట్టు ఎంత ఉందో అంతే ఉంచాలి. బీడీ, చుట్ట తాగేవారికి తెల్లమీసం పసుపు పచ్చబడుతుంది. దానికి సబ్బు లేదు, మందు లేదు, మానడమే.

రోజువారీ అలంకారమంటే పెద్దగా ఏమీ లేదు. కుంకుడుకాయతోనో షాంపూతోనో వారానికి రెండుసార్లు తలంటు. నూనె అరచేతిలో రెండు చుక్కలు. ఓడ్చి పెడితే తెల్లజుట్టు జిడ్డుపట్టి మురికి పసుపుగా కనబడుతుంది. మన పక్కల బోరునీళ్ళు చాలాచోట్ల గట్టివి, వెంట్రుక పెళుసుబారుతుంది. వాననీళ్ళు పట్టుకొనే వీలుంటే తల కడగడానికి వాడి చూడండి. దువ్వెన కూడా అక్కరలేదు, తడిచేత్తో నుదుటి నుండి వెనక్కి ఒకసారి తుడుచుకొంటే అయిపోయింది.

పలమనేరు, కుప్పం, మదనపల్లె మెట్టమీద ఉన్నవారికి డిసెంబరు తెల్లవారుజామున పొట్టి క్రాపు చలి పుట్టిస్తుంది. మంకీక్యాపు ఉండనే ఉన్నది. తిరుపతి, కాళహస్తి వారికి మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, వారికి క్రాపు సుఖమే. కాని ఇన్నాళ్ళు జుట్టు కింద నీడలో ఉన్న చర్మం అది. పొలానికి పోయేటప్పుడు తలగుడ్డ మానకండి. (పంతులుగారి తువ్వాలు ఈ పనికి వస్తుంది.)

పొట్టి జుట్టు ఈ తరంవారి ఫ్యాషను అని తల్లిగారు అన్నారట. క్రాపు అన్న మాటే మనకు ఇంగ్లీషువారి నుండి వచ్చింది. దానికి ముందు మగవారికి పిలకో, జుట్టుముడో ఉండేది. ఆర్కాటు మిషనువారు ఈ ప్రాంతంలో పని ప్రారంభించిన 1853 ప్రాంతాలలోనూ, ఆ తరువాతనూ, విశ్వాసి అయినవాడు పిలక తీయాలా ఉంచవచ్చునా అని దక్షిణ దేశపు మిషనెరీలలో పెద్ద వాదమే జరిగింది. అది విగ్రహారాధన గుర్తు అని కొందరు, కేవలం దేశాచారమని కొందరు. ద్రావిడ భాషల వ్యాకరణం వ్రాసిన కాల్డ్‌వెల్ దొరగారు 1867లో ఈ పిలక మీదనే ప్రత్యేకంగా ఒక చిన్న పుస్తకం వ్రాసి, అది ఆచారమే గాని మతం కాదని వాదించినారు. తలమీద జుట్టును చూసి లోపలి విశ్వాసాన్ని కొలవడం మన సంఘాలకు అంత పాత అలవాటు. పంతులుగారి క్రాపు చూసి ఎవరైనా ఏమైనా అంటే వారు కొత్తగా అన్నదేమీ లేదు.

సినిమాల మాట ఈ పేజీలో ఎక్కువ చెప్పము గాని ఒక్కటి చెప్పక తప్పదు. 2011లో "మంకత్తా" అనే తమిళ చిత్రంలో అజిత్ నెరిసిన జుట్టుతోనే కనబడ్డాడు. అరవదేశం సరిహద్దు మనకు ఎంత దూరం? నగరి, పుత్తూరు, చిత్తూరు సెలూన్లలో కుర్రవానిని "సాల్ట్ అండ్ పెప్పర్" అని అడిగి చూడండి, మీరు పూర్తిగా చెప్పకముందే తల ఊపుతాడు.

అయితే సెలూనుకు ఎవరితో వెళ్ళాలి? ఈ ప్రశ్న కొందరికి వింతగా ఉండవచ్చును. మా పెదనాన్నగారి సంగతి చెబుతాము.

మా పల్లెకు ఊరి మంగలి వచ్చేవాడు కాదు. మేము ఊళ్ళోకి పోయినా ఆ వేపచెట్టు కింద మాకు పని జరిగేది కాదు. ఊరి పేరు చెప్పము, ఎందుకంటే అట్లాంటి ఊళ్ళు చాలా ఉండేవి. అంటరానితనం 1950లో రాజ్యాంగం రద్దు చేసింది, 1955లో దానిని శిక్షించే చట్టం వచ్చింది. వేపచెట్టు కిందికి మాత్రం రెండూ రాలేదు. ఆ మంగలాయన చెడ్డవాడని మేము అనము. మా తల ముట్టుకొంటే ఊరివారు ఆయన చేత గడ్డం గీయించుకోరు, ఏడాదికి వచ్చే మేర గింజలు ఆగిపోతాయి. ఆయన పిల్లలూ తినాలి గదా. ఒకరోజు చీకటిపడినాక వచ్చి, కొడుక్కి జ్వరమని మా అవ్వ దగ్గర ప్రార్థన చేయించుకొని పోయినాడు. కత్తెర మాత్రం తేలేదు.

అందుచేత పెదనాన్న తల మా నాయన కత్తిరించేవాడు, నాయన తల పెదనాన్న కత్తిరించేవాడు. శనివారం సాయంత్రం, మందిరం వెనుక బండమీద. చేతి మిషను ఒకటి ఉండేది. అమెరికాలో లియో వాల్ అనే ఆయన 1919లోనే కరెంటు మిషను తయారుచేసినాడని తరువాత ఎక్కడో చదివినాము, మాకు మాత్రం ఈ చేతి మిషనే. పండ్లు మొద్దుబారి కోయడానికి బదులు పీకేది. మెడ వెనుక పెట్టినప్పుడు పిల్లలం అరిచేవాళ్ళం. యాభై ఏండ్లకు పైగా ఆ ఇద్దరు అన్నదమ్ములూ ఇంకొకరి చేతికి తల ఇవ్వలేదు.

నాయన పోయినాక పెదనాన్న జుట్టు పెంచినాడు. భుజాల దాకా వచ్చింది. దుఃఖమనుకొన్నాము. పౌలు కొరింథీయులకు వ్రాసినది ఎత్తి చూపి సంఘంలో ఒకరిద్దరు గొణిగినారు. ఆయన ఏమీ అనలేదు. చివరికి మేమే తిరుపతికి తీసుకొనిపోయి ఒక సెలూను మెట్లెక్కబోతే గుమ్మం దగ్గర నిలబడిపోయి, చెప్పులు విప్పి, మెల్లగా అడిగినాడు, "వాళ్ళు చేస్తారంటావా?" అప్పటికి ఆయనకు 76 ఏండ్లు. మాకప్పుడు అర్థమైంది. జుట్టు పెంచింది దుఃఖంతోనే గాని, అందులో సగం ఆ గుమ్మం దాటలేక.

లోపల కుర్రవాడు "రా పెద్దాయనా, కూచో" అని కుర్చీ తుడిచి, తెల్లగుడ్డ మెడకు చుట్టినాడు. ఎట్ల చేసేదని అడిగితే పెదనాన్న "మా తమ్ముడు చేసినట్టు" అన్నాడు. వానికేం తెలుసు? మేము 3వ నంబరు అని చెప్పినాము. అయినాక పెదనాన్న అద్దంలో చాలాసేపు చూసుకొని, తలమీద చేయి పెట్టి, "వాడు ఈడ కొంచెం ఎత్తుగా వదిలిపెట్టేవాడు" అని సుడి దగ్గర చూపించినాడు. పోయినంతవరకు మూడు వారాలకొకసారి అక్కడికే వెళ్ళినాడు.

కాబట్టి పిల్లలారా, మీ తాతను సెలూనుకు "పో" అని చెప్పకండి. వెంట తీసుకొని పొండి. ముందు రోజే వెళ్ళి నంబర్లు మాట్లాడి రండి. రద్దీ లేని మధ్యాహ్నపు పూట చూసుకోండి. కుర్చీ ఎత్తుగా ఉంటే దించమనండి.

వెంట ఉన్నవారు చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. వీటిని తేలికగా తీసుకోవద్దు. కత్తికి కొత్త బ్లేడు మీ ఎదుటనే వేయించాలి. పాత బ్లేడుతో కామెర్లు తెచ్చే హెపటైటిస్ క్రిములూ, హెచ్ఐవీ కూడా సోకే అవకాశమున్నది. షుగరు ఉన్నవారికి గాటు త్వరగా మానదు. గుండెజబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వేసుకొనేవారికి చిన్న గాటైనా నెత్తురు త్వరగా ఆగదు. వీరికి కత్తి వద్దు, మిషనుతోనే ముగించమనండి.

అన్నిటికంటే ముఖ్యం మెడ. క్రాపు అయినాక తల మర్దన చేసి, గడ్డం పట్టుకొని మెడను అటొకసారి ఇటొకసారి టపటపమని విరవడం మన సెలూన్లలో ఆనవాయితీ. పెద్దలకు అది హాయిగానే ఉంటుంది. కాని మెదడుకు రక్తం తీసుకొనిపోయే నరాలు మెడ ఎముకల గుండానే పోతాయి, వయసు మీరినవారిలో అవి గట్టిపడి ఉంటాయి. ఆ విసురుకు నరం లోపొర చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్యులు నమోదు చేసినారు. మెడను బేసినుపై వెనక్కి వాల్చి తల కడిగించుకొన్నవారికి వచ్చిన పక్షవాతాన్ని గురించి 1993లోనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. 2022లో హైదరాబాదులో ఒక 50 ఏండ్ల స్త్రీకి ఇట్లే జరిగిందని పత్రికలు వ్రాసినాయి. "మెడ ముట్టవద్దు నాయనా" అని కూర్చొన్నప్పుడే చెప్పండి.

జుట్టు పొట్టిగా అయిన రోజున ఇంట్లోవారు ఒకసారి నెత్తి అంతా వెలుతురులో చూడండి. మానని పుండు, పెరుగుతున్న మచ్చ, నెత్తురు కారే పొక్కు ఏదైనా ఉంటే డాక్టరుకు చూపించండి. ఇన్నాళ్ళు జుట్టు కింద ఎవరికీ కనబడి ఉండదు.

రంగు మాట కూడా ముగించాలి. చాలా నల్లరంగులలో పారాఫినైలిన్ డయమైన్ అనే రసాయనం ఉంటుంది. సంవత్సరాల తరబడి ఏమీ చేయకుండా ఉండి ఒకరోజు హఠాత్తుగా వికటించవచ్చును. ఒకసారి వికటిస్తే ఇక జీవితాంతం పడదు. నల్ల గోరింటపొడి అని అమ్మేవాటిలోనూ అది తరచుగా కలిసి ఉంటుంది గనుక పంతులుగారు అవీ ముట్టరాదు. ఇంట్లో మిగిలిన రంగు ఉంటే అటకమీద దాచకండి. అది కడుపులోకి పోతే గొంతు వాచి ప్రాణం తీస్తుంది. మన రాయలసీమ ఆసుపత్రుల వారికి ఈ సంగతి బాగా తెలుసు.

నెరిసిన తలను గురించి సామెతల గ్రంథము 16వ అధ్యాయము 31వ వచనంలో ఏమున్నదో పంతులుగారే పిల్లలకు ఎన్నోసార్లు కంఠస్థం చేయించి ఉంటారు. మేము వేరే చెప్పనక్కరలేదు.

ఈ జవాబు ముందుగా ఉత్తరంలో పంపినాము. నెల తిరిగేసరికి సహోదరి నుండి మరో ఉత్తరం వచ్చింది. పలమనేరుకు తీసుకొనిపోయినారట. 4 అనుకొని వెళ్ళి, అద్దంలో చూసుకొన్నాక ఆయనే 2 పెట్టమన్నారట. తల్లిగారు వాకిట్లో చూసి మొదట గుర్తుపట్టలేదు, తరువాత చేత్తో తలంతా తడిమి, "పెండ్లినాడు గూడా నీ నుదురు ఇంత కనబళ్ళేదే" అన్నారట. ఆదివారం ముందు వరుసలో కూర్చొన్నారు. ఒకాయన కొండకు పోయినావా అని అడగనే అడిగినాడు. "కొండకు పోతే ఇంత మిగలనిస్తారా?" అని పంతులుగారు తలమీద చేయి వేసి చూపించినారట.

కడపట సహోదరి ఇంకొక ప్రశ్న వేసింది. తల పొట్టిదైనాక కనుబొమ్మలు గుబురుగా పొడుచుకొని కనబడుతున్నాయి, వాటినీ కత్తిరించమందామా అని. కంటిలో పడేవి మాత్రం తీయించి, తక్కినవాటిని వదిలివేయమ్మా. బడిపంతులుకు అవి ఉండాలి.